పుట్టిన రోజున పడే సూది

చిటికెన వేలంత గాజు ఆంప్యూల్‌ని నేను. నా ఒళ్లు ముదురు గోధుమ రంగు. లోపలున్న పసుపుపచ్చ మందుకు వెలుతురు పడదు, ఎక్కువసేపు తగిలితే సత్తువ పోతుంది. అందుకే ఈ రంగు గాజు, పైన అట్టపెట్టె. నాలో ఉన్నది అర మిల్లీలీటరే. అందులో విటమిన్ కె ఒక్క మిల్లీగ్రాము. నెలలు నిండి పుట్టిన బిడ్డకు అంతే మోతాదు.

మా వంశం సంగతి కోడిపిల్లల దగ్గర బయటపడింది. 1929లో కోపెన్‌హేగన్‌లో హెన్రిక్ డామ్ కొవ్వు తీసేసిన మేత పెట్టి కోడిపిల్లల్ని పెంచితే, వాటికి చర్మం కింద, కండరాల్లో నెత్తురు చిమ్మింది. ఆ మేతలో లోపించిన పదార్థానికి 1935లో ఆయన విటమిన్ కె అని పేరు పెట్టాడు. అమెరికాలో ఎడ్వర్డ్ డాయిజీ దాని రసాయన నిర్మాణం తేల్చాడు. 1943 నోబెల్ బహుమతి ఇద్దరికీ దక్కింది. పుట్టిన కొద్దిరోజులకే బొడ్డు నుంచి, ముక్కు నుంచి, పేగుల నుంచి నెత్తురు పోయే పసికందుల గురించి బోస్టన్ వైద్యుడు చార్లెస్ టౌన్‌సెండ్ 1894లోనే రాశాడు. అప్పటికి మందు లేదు. నేను లేని ఆ కాలంలో ఎందరు తల్లుల ఒడి ఖాళీ అయిందో!

కడుపులో ఉండగా మావి దాటి విటమిన్ కె బిడ్డకు చేరేది బహు తక్కువ. తల్లిపాలంత మేలైన ఆహారం మరొకటి లేదు గానీ, వాటిలోనూ ఇది కొద్దిగానే ఉంటుంది. బాలింత మామూలుగా తినే ఆకుకూరలతో ఆ లోటు తీరదు. పేగుల్లో దీన్ని తయారుచేసే సూక్ష్మజీవులు అప్పటికింకా కుదురుకోవు. నెత్తురు గడ్డకట్టించే ప్రోటీన్లలో నాలుగింటిని కాలేయం పనికొచ్చేలా తయారుచేయాలంటే నేను ఉండి తీరాలి.

ప్రస్తుతం ఓ ఏరియా ఆసుపత్రి లేబర్ రూమ్‌లో, ట్రేలో ఉన్నాను. ఆడపిల్ల పుట్టింది. తల్లి గుండెల మీద పడుకోబెట్టి ముర్రుపాలు పట్టించాక స్టాఫ్ నర్సు నన్ను చేతిలోకి తీసుకుంది. అమ్మమ్మ అడ్డొచ్చింది.

"ఒళ్లింకా ఆరనే లేదు, అప్పుడే సూదేంటి సిస్టరమ్మా? పిల్ల బాగానే ఉందిగా!"

తండ్రి ఫోన్ చూపించాడు. "దీనివల్ల క్యాన్సర్ వస్తుందంటున్నారు మేడమ్. చుక్కల మందు ఉందట కదా, అది వేయకూడదా?"

బిడ్డ మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు అడగక ఎవరడుగుతారు? జవాబు చెప్పకుండా "సంతకం పెట్టండి" అనడమే తప్పు. క్యాన్సర్ మాట పుట్టింది బ్రిటన్‌లో, 1992లో బ్రిస్టల్ పరిశోధకులు వేసిన ఓ లెక్కతో. మరుసటి ఏడే స్వీడన్‌లో 13 లక్షలమంది పిల్లల వివరాలు తిరగేస్తే అలాంటి సంబంధమే కనబడలేదు. తర్వాతి పరిశోధనలూ దాన్ని బలపరచలేదు. ఈ సూదితో కామెర్లు వస్తాయని కొందరు పడే భయానికి మాత్రం ఓ పాత కారణం ఉంది. 1950ల్లో మెనడియోన్ అనే కృత్రిమ రకాన్ని పెద్ద మోతాదుల్లో ఇస్తే నెలలు నిండని పిల్లలకు కామెర్లు ముదిరాయి. నాలో ఉన్నది అది కాదు, విటమిన్ కె1 అనే రకం.

చుక్కల మందు ఉన్న మాట నిజమే. బ్రిటన్‌లో సూది వద్దన్నవాళ్లకు నోటి ద్వారా విడతలవారీగా ఇస్తారు. ఓ విడత మరచినా, బిడ్డ కక్కేసినా రక్షణ తగ్గిపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. కాలేయ జబ్బుతో పైత్యరసం సరిగా రాని బిడ్డ పేగు ఆ మందును పీల్చుకోలేదు. ముప్పు ఎక్కువున్నది ఆ బిడ్డకే. ఫలానా బిడ్డకు ఆ జబ్బుందని పుట్టిన రోజున ఎవరూ పసిగట్టలేరు. "బాగానే ఉందిగా" అన్న పిల్లకూ సూది వేసేది అందుకే.

వేయకపోతే ప్రతి బిడ్డకూ ఏదో అవుతుందని నేననను. ఆలస్యంగా వచ్చే రకం రక్తస్రావం, మందు పడని పిల్లల్లో, యూరప్ లెక్కల ప్రకారం లక్షకు నలుగురి నుంచి ఏడుగురికి వస్తుంది. కాకపోతే అది మొదటి వారం దాటాక, ఆరు నెలల లోపు ఎప్పుడైనా రావచ్చు. వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి నెత్తురు చిమ్మేది మెదడులో. బతికినా కొందరికి జీవితాంతం వైకల్యమే. ఒక్క సూదిపోటుతో తప్పే ముప్పుకు పసిబిడ్డను వదిలేయడం నాకు సమ్మతం కాదు.

నర్సు ఇదంతా ఓపిగ్గా చెప్పింది. అమ్మమ్మ పక్కకు జరిగింది. నర్సు నన్ను దీపం కిందికి పట్టుకుని పేరు, మోతాదు, గడువు తేదీ పైకి చదివింది. పది మిల్లీగ్రాముల ఆంప్యూల్స్ కూడా ఉంటాయి, పొరబడకూడదు. మెడ విరిచి, సన్నని సిరంజిలోకి మందు లాగి, పిల్ల తొడకు బయటివైపు మధ్యలో ఇచ్చింది. పిల్ల కెవ్వుమని, మళ్లీ రొమ్ము అందుకుంది.

కాబోయే అమ్మానాన్నలకు నా మనవి. మూర్ఛకో, క్షయకో, రక్తం పలచబడటానికో మందులు వాడుతుంటే కాన్పుకు ముందే డాక్టరుకు చెప్పండి. డిశ్చార్జి కాగితంలో విటమిన్ కె వేసినట్టు రాసి ఉందో లేదో చూసుకోండి. ఇంట్లోనో దారిలోనో కాన్పయితే బిడ్డను ఆ రోజే ఆసుపత్రికి తీసుకొచ్చి ఈ సూది వేయించండి. రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గకపోయినా, మలం తెల్లగా పాలిపోయినా, బొడ్డు నుంచో ముక్కు నుంచో నెత్తురు కారినా, దెబ్బ తగలకుండా ఒళ్లు కమిలినా రేపటిదాకా ఆగకండి.