కానా పెళ్లికి కాషన్ డిపాజిట్

"మాకు ముహూర్తాలు లేవండీ." ఈ మాట అనేటప్పుడు మా క్రైస్తవ సంఘ పెద్దల మెడ రెండంగుళాలు పొడవు సాగుతుంది. పక్కింటివాళ్లు పంచాంగం పట్టుకుని పంతులుగారి చుట్టూ తిరిగి, తెల్లవారుజామున మూడూ ఇరవై రెండుకు పిల్ల మెడలో తాళి కట్టిస్తారు. ఆ పెళ్లికి వెళ్లి, నిద్ర చాలని కళ్లతో తిరిగొచ్చి, కాఫీ తాగుతూ మావాళ్లు చెప్పుకునే మాట ఇది. మాకు రాహుకాలం లేదు. వర్జ్యం లేదు. జాతకాలు చూడం. కన్యాశుల్కాలూ వరశుల్కాలూ ఎరగం (ఈ చివరి మాట దగ్గర కొందరికి దగ్గు వస్తుంది). అన్ని దినాలూ ప్రభువువే.

చాలా సంతోషం. ఆ ప్రభువు దినాల్లో పెళ్లికి ఒకటి ఖాళీ ఉందేమో చర్చి ఆఫీసులో కనుక్కోండి మరి.

ఆదివారం కుదరదు, ఆరాధనలు. శనివారం సాయంత్రం క్వాయర్ ప్రాక్టీసు. భస్మ బుధవారం నుంచి ఈస్టరు దాకా శ్రమల కాలం. అప్పుడు పెళ్లి మాట ఎత్తితే పాస్టరు అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటారు, అంతే జవాబు. డిసెంబరంతా ఆగమన కాలమూ, క్యారల్సూ. కోతకాలపు పండుగకి ముందు వారం పందిళ్లు, తర్వాతి వారం వేలం లెక్కలు. కమిటీ ఎన్నికల నెలలో దేవదూతలు దిగివచ్చినా తాళంచెవి ఇవ్వరు. బెంగళూరులో ఇంకో మెలిక. ఒకే కప్పు కింద ఇంగ్లిషు, కన్నడ, తమిళ ఆరాధనలు వంతులవారీగా సాగే చోట తెలుగువాళ్ల వంతు మధ్యాహ్నం భోజనాల వేళకి పడుతుంది. ఇన్ని వడపోతల తర్వాత మిగిలిన నాలుగు తేదీల్లో రెండు ఆషాఢంలో వస్తే, "మనకి పట్టింపు లేదనుకో, అయినా ఎందుకులే" అని పిల్ల మేనత్త వాటినీ కొట్టేస్తుంది. పాపం రాహువు రోజుకు గంటన్నర మాత్రమే మింగుతాడు. శ్రమల కాలం ఒక్కటే నలభై రోజులు.

రోజు దొరికిందా, ఇక గడియ. మా పెళ్లికి గడియ లేదని ఎవరన్నారు? 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం పదో సెక్షను చూడండి. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపలే పెళ్లి జరగాలి. బిషపుగారి ప్రత్యేక అనుమతి లాంటి మినహాయింపులు కొద్దిమందికి ఉన్నాయి గాని మామూలు జనానికి ఇదే శుభలగ్నం. తెలిసి తెలిసి ఆ వేళ దాటి చేయిస్తే చేయించిన అయ్యగారికి అరవై తొమ్మిదో సెక్షను కింద మూడేళ్ల దాకా జైలు, పైన జరిమానా. ముహూర్తం తప్పితే పంతులుగారికి ఏ శిక్షా లేదు, ఆయన ఇంకో ముహూర్తం పెడతారు. ముహూర్తం తప్పితే పురోహితుణ్ణి లోపలేసే మతం మాదొక్కటే. మాకు ముహూర్తాలు లేవు!

ఈ వ్యాసంలో ఏ ఒక్క సంఘం పేరూ చెప్పను. బెంగళూరులోనూ ఆంధ్రాలోనూ వాడుకలో ఉన్న పెళ్లి దరఖాస్తులు పక్కపక్కన పెట్టి చదివితే అన్నీ ఒక తల్లి బిడ్డలే. "దేవుని మందిరం అందరిదీ" అని పైన ఒక వాక్యం ఉంటుంది. దాని కింద షరతులు మొదలవుతాయి.

జాతకాలు చూడమన్నారు కదా, నిజమే, ఒక్క జాతకమైతే చూసేవాళ్లేమో. ఇక్కడ అడిగేవి బాప్తిస్మపు కాగితం, కన్ఫర్మేషన్ కాగితం, ప్రభు భోజన సంస్కారం తీసుకుంటున్నట్టు ఉత్తరం, అవతలి సంఘం నుంచి అభ్యంతరం లేదన్న పత్రం, కౌన్సెలింగ్‌కి హాజరైనట్టు చీటీ, అన్నిటికన్నా ముఖ్యంగా చందా రసీదులు. గ్రహాలు తొమ్మిదే గాని చందా బాకీ నెలలకి లెక్కలేదు. పిల్ల తాతగారు ఏ కాలంలోనో మానేసిన చందాని మనవరాలి పెళ్లిలో వసూలు చేసుకునే శని మహర్దశ ఏ జ్యోతిషుడి పుస్తకంలోనూ కనిపించదు.

ఈ కాగితాల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇక్కడ నవ్వు రాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి తలుపు తీశారు. క్రైస్తవుడికి ఇప్పటికీ తీయలేదు. కాబట్టి మాలమాదిగ పల్లెల నుంచి వచ్చిన కుటుంబం బాప్తిస్మం తీసుకున్నట్టు కాగితం దాచుకుంటే రిజర్వేషను మీద వచ్చిన చదువూ ఉద్యోగమూ పోతాయి. ప్రభుత్వం ఏ కాగితాన్ని వెతికి పట్టుకుంటే శిక్షిస్తుందో, సరిగ్గా ఆ కాగితాన్నే సంఘం "ఒరిజినలు, రెండు జిరాక్సులు" అని అడుగుతుంది. కాగితం లేనివాడు సంఘానికి అనుమానితుడు, ఉన్నవాడు తాసిల్దారుకి అనుమానితుడు. ఆదివారం ఉదయం ముందు బెంచీలో కూర్చుని గొంతెత్తి పాడే మనిషి క్రైస్తవుడో కాదో చూసి చెప్పడానికి కమిటీకి కళ్లు చాలవట, జిరాక్సు కావాలట. అదే కమిటీ పెళ్లి సంబంధాల దగ్గరికొస్తే ఎవరిది ఏ కులమో ఏ కాగితమూ లేకుండానే చెప్పేస్తుంది. క్రీస్తులో కులం లేదు. పెళ్లి ప్రకటనల్లో మాత్రం క్రిస్టియన్ రెడ్డి, క్రిస్టియన్ కమ్మ, క్రిస్టియన్ మాల వేరువేరు గళ్లలో ఉంటారు.

ఇప్పుడు ధరల పట్టిక. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి రంగస్థలం ఎక్కింది. అందులో ఆడపిల్లకు వెల కట్టేవాళ్లని చూసి మనం నూట ముప్పై ఏళ్లకి పైగా నవ్వుతున్నాం. మందిర శుల్కం మీద ఇంతవరకూ ఎవరూ నాటకం రాయలేదు. సభ్యుడికి ఒక ధర. సభ్యుడి కొడుకు, కాని తాను సభ్యుడు కాదు, వాడికి ఇంకో ధర. బయటివాడికి మూడో ధర, దానికి "కానుక" అని పేరు. చర్చి అద్దె కాదండీ, కానుక. ఫ్యాన్లకి కానుక, ఏసీకి అదనపు కానుక, తివాచీకి కానుక, మైకు సెట్టు కుర్రాడికి కానుక, ఆర్గాను వాయించే ఆయనకి కవరు, తలుపు తీసే ఆయనకి చిన్న కవరు. స్వేచ్ఛగా ఇచ్చేదాన్నే మనం కానుక అంటాం గనక, ముందుగా చెల్లించని కానుకకి తేదీ ఇవ్వబడదు. ఇవన్నీ పోగా కాషన్ డిపాజిట్. బెంచీకి గీత పడినా, బలిపీఠం మెట్ల మీద మైనం కారినా, పెళ్లికూతురు ఆలస్యంగా వచ్చినా అందులోంచి కోత. బెంగళూరు ట్రాఫిక్‌లో పెళ్లికూతురు వేళకి రావడం మొదటి అద్భుతం కింద లెక్కవేయాలి గాని, కమిటీ దాన్ని షరతుగా రాసుకుంది.

దరఖాస్తు చేతిలో పెట్టుకుని పిల్ల తల్లి బెంగళూరు బళేపేట వస్తుంది. ఈ పేట సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఒక పక్క గాజుల అంగళ్లు, ఇంకో పక్క వాద్యాల అంగళ్లు, నాలుగడుగులు వేస్తే చిక్కపేట పట్టుచీరలు. సగం పేటకి తెలుగు వచ్చు, మిగతా సగం తెలుగు వచ్చినట్టు బేరమాడుతుంది. ఇక్కడ గాజులమ్మే ఆయన మొదటి ప్రశ్న, "ఏ చర్చమ్మా?" సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అంటే గాజుల పెట్టె మొత్తం దించుతాడు. ఆర్‌సీ (రోమన్ క్యాథలిక్) అన్నా దించుతాడు. ఫలానా పెంతెకొస్తు అంటే పెట్టె దించకుండా, "టీ తాగుతారా?" అంటాడు, ఆ సంఘంలో నగ పెట్టరని ఆయనకి తెలుసు. నాలుగేళ్లు సెమినరీలో చదివిన వాళ్లకన్నా సంఘాల మధ్య తేడాలు ఆయనకే బాగా తెలుసని నా నమ్మకం. తెలిసినా ఎవరినీ కాగితం అడగడు. మణికట్టు చూస్తాడు, అంతే.

పక్క వాద్యాల అంగడిలో హార్మోనియం, తబలా, గిటారు, నాదస్వరం, డోలు ఒకే గోడకి ఆనుకుని ఉంటాయి, వాటి మధ్య గొడవ లేదు. గొడవ చర్చి గేటు దగ్గర. "ప్రాంగణంలో మేళతాళాలు నిషిద్ధం" అని దరఖాస్తులో ఉంది. ఎందుకంటే అది అన్యుల ఆచారమట. మంచిది. మరి ఆ చర్చి బెంచీల మీదే ఉన్న 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' తెరిచి చూడండి, పాటల నెత్తిన రాగమూ తాళమూ అచ్చేసి ఉంటాయి. రాగం పవిత్రం, దాన్ని పలికించే నాదస్వరం అపవిత్రం! దాని బదులు పెళ్లికూతురు లోపలికి వచ్చేటప్పుడు వాయించేదేమిటి? వాగ్నరు లోహెన్‌గ్రిన్ ఒపేరాలో బృందగానం. 1850లో మొదటిసారి ఆడారు. ఆ కథలో ఆ పాట గుడిలో పాడరు, పెళ్లయ్యాక జంటను పడకగదికి పంపేటప్పుడు పాడతారు, తెల్లారేలోపు ఆ కాపురం కూలిపోతుంది. బయటికి వెళ్లేటప్పుడు వాయించేది మెండెల్‌సన్ 1842లో షేక్స్‌పియరు నాటకానికి కట్టిన మార్చి. ఆ నాటకంలో అప్సరసల రాణి గాడిద తల మనిషిని మోహిస్తుంది. ఈ రెండూ మాకు అపోస్తలుల కాలం నుంచీ వస్తున్న క్రైస్తవ సంగీతం కింద లెక్క. తెల్ల గౌను సంగతీ అంతే. 1840లో విక్టోరియా రాణి తెల్లబట్టల్లో పెళ్లి చేసుకుంది గనక ఆ వేషం లోకమంతా పాకింది. చిక్కపేటలో ఇప్పుడు తెల్ల పట్టుచీరకి జరీ అంచు వేసి "క్రిస్టియన్ బ్రైడల్" అని అమ్ముతున్నారు, చూడ్డానికి చక్కగా ఉంటుంది, దాని మీద నాకు తగవు లేదు. సీఎస్ఐ వివాహ క్రమం కూడా ఉంగరం బదులు తాళి కట్టుకోవచ్చని ఒప్పుకుంది. అంటే మెడలో తాళి పరవాలేదు. తాళి కట్టేటప్పుడు డోలు మోగితేనే పరిశుద్ధాత్మకి చెవిపోటు.

కమిటీ వాళ్లు నా మీద విరుచుకుపడే ముందు వాళ్ల వైపు న్యాయం కూడా చెబుతాను. చర్చిలో పెళ్లి ప్రకటనలు చదవడం తప్పు కాదు. ఎక్కడో మొదటి భార్య ఉన్నవాడు ఇక్కడ రెండో పెళ్లికి నిలబడితే ఆపేది ఆ ప్రకటనే. ఈడు రాని పిల్లని తెచ్చినప్పుడు వయసు కాగితం అడగాల్సిందే. కప్పు కారితే బాగుచేయించడానికి డబ్బు కావాలి, కరెంటు బిల్లు విశ్వాసంతో కట్టలేం. ఇదంతా ఒప్పుకుంటాను. అయితే చట్టం అడిగేదెంతో చూడండి. ఇద్దరూ భారతీయ క్రైస్తవులైతే అరవయ్యో సెక్షను పెట్టిన షరతులు మూడే. అబ్బాయికి ఇరవై ఒకటి, అమ్మాయికి పద్దెనిమిది నిండాలి. ఇద్దరిలో ఎవరికీ బతికున్న భర్తగాని భార్యగాని ఉండకూడదు. లైసెన్సున్న మనిషి ఎదుట, కనీసం ఇద్దరు సాక్షుల ముందు ఒకరినొకరు స్వీకరించాలి. అయిపోయింది. పరాయి ప్రభుత్వం, పాదిరీల మీద కూడా అనుమానపడే ప్రభుత్వం, మూడు షరతులతో సరిపెట్టింది. మిగతా ముప్పై మన సొంత వంట. వండుకున్నవాళ్లు కమిటీ పేరు పెట్టుకోరు, దేవుడి పేరు పెడతారు.

ఆ దేవుడి పుస్తకంలో ఏముందో కూడా చూడాలి కదా. యేసు వెళ్లిన పెళ్లి ఒక్కటే మనకి తెలుసు, గలిలయలోని కానాలో. యోహాను సువార్త రెండో అధ్యాయం. అది సమాజమందిరంలో జరిగినట్టు ఎక్కడా లేదు, విందు జరిగింది, అంతే. పెళ్లికొడుకు పేరు లేదు, పెళ్లికూతురు పేరు లేదు. అంటే దరఖాస్తులో మొదటి రెండు గళ్లే ఖాళీ. బాప్తిస్మపు కాగితం ప్రశ్నే లేదు. భోజనాల మధ్యలో ద్రాక్షారసం అయిపోయింది, అంటే ఏర్పాట్లు సరిగా చేసుకోని కుటుంబం. అప్పుడు అతిథి ఏం చేశాడు? యూదుల శుద్ధీకరణ ఆచారానికి పెట్టిన ఆరు రాతిబానల్ని, అంటే మతకార్యాలకి కేటాయించిన స్థిరాస్తిని, విందు పనికి వాడేశాడు. ఒక్కొక్కటి రెండు మూడు తూముల బాన. ఆరింటికీ కలిపి లెక్కవేస్తే నాలుగు వందల లీటర్లకి తక్కువ కాదు. బయటి పానీయాలకు అనుమతి లేదన్న షరతు అతిక్రమణ. ప్రాంగణపు వస్తువుల దుర్వినియోగం. పైగా ముందస్తు దరఖాస్తు లేకుండా అద్భుతం చేయడం. ఆ కుటుంబం కాషన్ డిపాజిట్ మొత్తం జప్తు చేసి, అతిథి పేరు మీద ఒక మినిట్ రాసి, వచ్చే కమిటీ మీటింగులో పెట్టేవాళ్లం.

చరిత్ర కూడా కమిటీ వైపు లేదు. మధ్యయుగాల ఐరోపాలో పెళ్లి ప్రమాణాలు గుడి లోపల కాదు, గుడి తలుపు దగ్గర జరిగేవి. ఆ తర్వాతే పూజకి లోపలికి వెళ్లేవారు. చాసరు కథలో బాత్ ఊరి ఆవిడ ఐదుగురు మొగుళ్లనీ గుడి తలుపు దగ్గరే కట్టుకుంది. 1563లో ట్రెంట్ మహాసభ తీర్మానించేదాకా, పూజారి లేకపోయినా ఇద్దరూ ఒప్పుకుంటే ఆ పెళ్లి చెల్లేది. మన వైపు చూస్తే, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరంతా వెలివేస్తామని కళ్లెర్రజేస్తుంటే పెళ్లి భారమంతా ఆయన నెత్తికెత్తుకున్నారు. ఆయన ఆ జంటని డిపాజిట్ అడిగినట్టు ఎవరూ రాయలేదు.

మరి కాగితాలు చాలని జంట ఏం చేస్తుంది? 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. రిజిస్ట్రారు ఆఫీసులో నోటీసు ఇచ్చి, ముప్పై రోజులు ఆగి, ముగ్గురు సాక్షులతో సంతకాలు పెట్టి బయటికి వస్తారు. బళేపేటలో కొన్న గాజులు ఎలాగూ చేతికి ఉన్నాయి. పెద్దవాళ్ల మనసు ఊరుకోదు గనక, కనీసం ఒక ఆశీర్వాద కూటమైనా పెట్టిద్దామని సాయంత్రం చర్చి ఆఫీసుకు వెళతారు. సెక్రటరీగారు ఈసారి చిరునవ్వుతో సొరుగు తెరుస్తారు. పెళ్లి జరపడం కుదరదు గాని జరిగిన పెళ్లిని ఆశీర్వదించడానికి సంఘం ఎప్పుడూ సిద్ధమేనట. దానికి వేరే ఫారం, గులాబీ రంగుది. కానుక సగమే. డిపాజిట్ మాత్రం పూర్తిగా కట్టాలి.