మూడుసార్లు పుట్టాను

మాది జీసీసీ వంశం. మూలపురుషుడు రిచర్డ్ స్టాల్‌మన్, తొలి విడుదల 1987. నేను 2020 మేలో బయటికొచ్చిన పదో తరం కంపైలర్‌ని. పురుడు పోసుకున్నది మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో, చైతన్యపురి మెట్రో దగ్గరి అమ్మాయిల హాస్టల్లో, ఓ నల్గొండ అమ్మాయి వాడే 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో.

ఎల్బీనగర్‌లో కిరాణా కొట్టు నడిపే చిన్నాయన కోసం ఆ అమ్మాయి ఖాతా లెక్కల ప్రోగ్రాం రాస్తోంది. ఆయనకూ అర్థం కావాలని వేరియబుల్స్‌కి తెలుగు పేర్లే పెట్టింది: బాకీ, అప్పు, జమ. ఉబుంటు 20.04తో వచ్చిన మా అన్న, తొమ్మిదో తరంవాడు, 'బా' దగ్గరే మొరాయించాడు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరమైనా గుణింతపు గుర్తయినా మూడేసి బైట్లు. మొదటి బైటు ఆక్టల్‌లో ఎప్పుడూ 340. అది ఎదురైనప్పుడల్లా అన్న ఎర్రరిచ్చాడు. పేర్లలో తెలుగును నేరుగా ఒప్పుకోవడం నా తరంతోనే మొదలు.

అందుకే నా సోర్స్ దించుకుంది. కాన్ఫిగర్ స్క్రిప్టు జీఎంపీ, ఎంపీఎఫ్‌ఆర్, ఎంపీసీ లైబ్రరీలు లేవంది. సోర్స్‌లోనే ఉన్న స్క్రిప్టు వాటిని తెచ్చింది. 32 బిట్ లైబ్రరీలు లేవంటే మల్టీలిబ్ ఆపేసింది. మేక్‌కు ఒకేసారి ఎనిమిది పనులు అప్పజెప్పి మెస్‌కు పోయింది. తిరిగొచ్చేసరికి తెర అడుగున 'ఎర్రర్ 2'. అది చావు కబురే, కారణం కాదు. కారణం ఎన్నో వరసల పైన ఉంది: 'కిల్డ్'. కెర్నల్ లాగ్ చూస్తే సంగతి తేలింది, మెమరీ చాలక కెర్నలే చంపేసింది. ఆమె పనులు రెండుకు తగ్గించింది.

"ఈ ఫ్యాన్ మోత ఎప్పుడాగుతదే?" అంది రూమ్మేట్.

"ఇంకా రెండో కాన్పే. మూడు కావాలె."

మొదట అన్న నన్ను కంపైల్ చేశాడు. అలా పుట్టిన నేను నా సోర్స్‌నే మళ్లీ కంపైల్ చేశాను. ఆ రెండో నేను ఇంకోసారి చేశాను. రెండో, మూడో కాన్పుల ఆబ్జెక్టు ఫైళ్లు ఒక్కటైతేనే నన్ను నమ్మడం. ఒక్కటయ్యాయి.

అయినా ఖాతా ప్రోగ్రాంను కంపైల్ చేస్తే అదే 340! నేను ఆమె హోం డైరెక్టరీలో ఉంటే, పాత్ ఇంకా అన్ననే పిలుస్తోంది. పాత్‌లో నన్ను ముందు పెట్టాక ప్రోగ్రాం నడిచింది.

ఆదివారం కొట్లో చిన్నాయన తెరమీద వేలు పెట్టి చదివాడు: బాకీ = అప్పు - జమ.

"పోయిన నెల బాకీ ఏడ కలిపినవ్ బిడ్డా?"

కలపలేదు. ఆ వరసను నేను ఒక్క వార్నింగ్ కూడా ఇవ్వకుండా దాటించాను, వ్యాకరణం సరిగ్గానే ఉంది మరి. కొట్టు లెక్క నాకేం తెలుసు? తెలిసినాయనకు, పేర్లు ఇంగ్లీషులో ఉండుంటే, ఆ తప్పు కనబడేదే కాదు.