ఇగ్వానా గారి అలక

పెళ్ళిళ్ళలో అలకపాన్పు వేడుక దాదాపు అటకెక్కింది. స్కూటర్ కోసం మూతి ముడిచే కొత్త అల్లుళ్ళు లేక తెలుగు లోగిళ్ళు చిన్నబోయినట్టున్నాయి, ఆ లోటును ఇప్పుడు ఇగ్వానాలు తీరుస్తున్నాయి. హైదరాబాదు అపార్ట్‌మెంటు హాల్లో అద్దాల పెట్టె, అందులో మెక్సికో మొదలు బ్రెజిల్ దాకా చెట్ల కొమ్మల మీద బతికే పచ్చటి బల్లి జాతి జీవి. అది నాలుగు రోజులు ఆకు ముట్టకపోతే చాలు, ఇంటిల్లిపాదీ తీర్పిచ్చేస్తారు: "అలిగింది!"

ఎందుకు అలిగిందనే దగ్గరే పేచీ. అమ్మాయి హాస్టల్‌కి వెళ్ళిందని బెంగపెట్టుకుందంటుంది తల్లి. రోజూ అదే ఆకైతే ఎవరికైనా మొహం మొత్తదా అంటాడు తండ్రి. దిష్టి అంటుంది బామ్మ. గదిలో ఏసీ 22 దగ్గర పాడుతున్న సంగతి మాత్రం ఎవరికీ తట్టదు.

ఇగ్వానాకి ఒంట్లో వేడి పుట్టించుకునే ఏర్పాటు లేదు. 35 డిగ్రీలు దాటి కాగిన కొమ్మ మీద బోర్లా పడుకుని బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే. తిన్న ఆకును పెద్దపేగులో సూక్ష్మజీవులు పులియబెడితేనే దానికి ఒంటబడుతుంది. ఆ పులియబెట్టడానికీ వేడే కావాలి. పొయ్యి వెలగని ఇంట్లో బియ్యం కడిగి లాభమేమిటని అది తినడం మానేస్తుంది. ఆ ఇంట్లో ఇంగితం ఉన్నది దానికొక్కదానికే.

ఈ వేడి సంగతి అమెరికా వాతావరణ శాఖకి తెలుసు. ఫ్లోరిడాలో జనం వదిలేసిన ఇగ్వానాలూ, తప్పించుకున్నవీ పిల్లాపాపలతో అడవులూ పెరళ్ళూ ఆక్రమించాయి. 2020 జనవరిలో చలి ముదిరినప్పుడు, బిగుసుకుపోయిన ఇగ్వానాలు చెట్ల మీంచి రాలిపడొచ్చు, చూసుకోండని మయామీ కార్యాలయం హెచ్చరించింది. అలిగి దూకుతున్నాయని మాత్రం చెప్పలేదు.

మనవాళ్ళు చెప్పడంతో ఆగరు, బుజ్జగింపులకు దిగుతారు. మొదట పాలకూర. దానిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి అందనివ్వవు. తర్వాత ఉడికించిన గుడ్డు, పనీర్, చివరికి కుక్కల బిస్కెట్లు. ఆకులు తిని బతికే ప్రాణికి ఇన్ని మాంసకృత్తులు పోస్తే ముందు మొరాయించేవి కిడ్నీలు. అప్పటికీ లొంగకపోతే సిరంజితో గొంతులోకి! చల్లబడి, నీరింకి ఉన్న ప్రాణికి ముందు వెచ్చదనం, నీరు, ఆ తర్వాతే తిండి అని సరీసృపాల వైద్యం తెలిసిన ఏ డాక్టరైనా చెబుతాడు. కానీ మర్యాదల్లో ఉన్నవాళ్ళకి డాక్టరెందుకు?

నాకు ఒళ్ళు మండేది మూతి దగ్గర. "చూశారా, మూతి ఎలా ముడిచిందో!" అని ఫొటోలు తీసి చుట్టాలకి పంపిస్తారు. అది ముడవడం కాదు నాయనా, వాపు! సూర్యరశ్మిలోని అతినీలలోహిత 'బి' కిరణాలు తగిలితేనే ఇగ్వానా చర్మంలో డి విటమిన్ తయారవుతుంది, అదుంటేనే కాల్షియం ఒంటికి పడుతుంది. లేకపోతే దవడ ఎముక మెత్తబడి ఉబ్బుతుంది, నమలడమే చేతకాదు. పెట్టెను కిటికీ దగ్గర పెట్టామండీ అంటారు. ఆ కిరణాలు కిటికీ అద్దం దాటి రావు. ప్రత్యేకమైన బల్బు కొన్న బుద్ధిమంతులూ ఉన్నారు. వెలుగుతోంది కదా అని దాన్ని ఏళ్ళ తరబడి మార్చరు. వెలుతురు అలాగే ఉంటుంది, పనికొచ్చే కిరణాలు మాత్రం ఏడాది తిరిగేసరికి అడుగంటుతాయి.

మగదనుకుని 'కట్టప్ప' అని పేరు పెట్టుకున్నది వారాల తరబడి తినకుండా పెట్టె మూలలు గోకుతుంటే, అది గుడ్లు పెట్టే చోటు కోసం తవ్వులాట కావచ్చు. మగతోడు లేకపోయినా ఆడ ఇగ్వానా గుడ్లు పెడుతుంది. మట్టి దొరక్క గుడ్లు లోపలే ఉండిపోతే ప్రాణం మీదికొస్తుంది. కట్టప్ప ఆడదా అని మరో వారం ఆశ్చర్యపోతారు.

అదే హాల్లో ట్యూబ్‌లైటు పక్కన పురుగుల్ని మింగుతూ ఒక బల్లి ఉంటుంది. అదేనాడూ అలగలేదు. మీద పడితే మాత్రం పంచాంగం తీస్తారు, కంచి బంగారు బల్లిని తాకొచ్చిన మనిషి కోసం వీధంతా వెతుకుతారు.

అమ్మేవాళ్ళ సంగతి సరేసరి. "మెయింటెనెన్స్ ఏం ఉండదు సార్, మొరగదు కూడా" అంటారు. అయిదడుగుల దాకా పెరుగుతుందనీ, పదిహేనేళ్ళు పైగా బతకగలదనీ చెప్పరు. 2024లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం దాన్ని ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలన్న మాటా నోట రాదు.

ఇవన్నీ వివరించి, ముందు పెట్టెలో ఒక థర్మామీటర్ పెట్టి చూడమన్నామనుకోండి, యజమాని ఇగ్వానా వీపు మీద అరచెయ్యి ఆనించి నిశ్చింతగా నవ్వుతాడు. "జ్వరమేం లేదండీ. చూడండి, ఒళ్ళు చల్లగానే ఉంది!"