రుజువు ఎలుగుబంటిని అడగండి!

బస్తర్‌లో మార్చి, ఏప్రిల్ అంటే ఇప్పపువ్వు రాలే కాలం. తెల్లారకముందే ఆడవాళ్లు గంపలతో చెట్ల కిందికి చేరతారు. అదే పువ్వు కోసం ఎలుగుబంటీ వస్తుంది. అది లేచి నిలబడి పంజా విసిరితే పోయేది ముఖమే. కన్ను, ముక్కు, చెంప ఎముక, ఒక్కోసారి నెత్తిమీది చర్మం.

ఇక మొదలవుతుంది సాక్ష్యాల తతంగం. నష్టపరిహారం కావాలా? పంచనామా తే. డాక్టరు సర్టిఫికెట్ తే. సరే, ప్రజాధనం కదా, అడగండి! మరి ఆ ముఖాన్ని కుట్టిన పద్ధతికి రుజువేదని ఎవరైనా అడిగారా?

అడిగితే చూపించేది రెండు ఫొటోలు. 'ముందు', 'తర్వాత'. తర్వాత అంటే ఎప్పుడు? కుట్లు విప్పిన వారానికా, రెండేళ్లకా? ఆమె అన్నం నమలగలుగుతోందా? కన్ను మూతపడుతోందా? సంతకు పోతోందా, కొంగు కప్పుకుని మూలన కూర్చుందా? ఆ ఆపరేషన్ మీద రాసిన పరిశోధన పత్రంలో కనబడదు. "ఫలితం సంతృప్తికరం" అని మాత్రం ఉంటుంది. ఎవరికండీ సంతృప్తి? కోసినాయనకు! పరీక్ష రాసిందీ ఆయనే, దిద్దిందీ ఆయనే, ఫస్టుక్లాసు వేసుకుందీ ఆయనే.

ముఖం, పుర్రె ఆపరేషన్ల మీద పత్రాలకేం కరువు లేదు. ఒక రోగి కథ, నలుగురి కథ, పాత ఫైళ్ల దుమ్ము దులిపిన పదిమంది కథ. సాక్ష్యాల వరుసలో ఇవన్నీ అట్టడుగువే. రోగుల్ని చీటీలు తీసి రెండు జట్లు చేసి, ఏళ్లతరబడి చూసి, ఏ పద్ధతి మేలో తేల్చేవి అరుదు. కుదరదంటారా? అంగిలి చీలిన పసివాళ్లకు ఆపరేషన్ ఆరో నెలలో మేలా, పన్నెండో నెలలోనా? ఐరోపా, దక్షిణ అమెరికా దేశాల్లో 558 మంది పిల్లల్ని ఐదేళ్ల వయసు దాకా గమనించారు. మాట ముక్కులోంచి పోకుండా ఉండాలంటే ఆరో నెలే మేలని 2023లో తేల్చారు. చీలిన అంగిళ్లకు మన దగ్గర కొరతా?

మనకంత ఓపికెక్కడిది? మనది సుశ్రుతుడి దేశం! 2014 అక్టోబరులో ముంబయి ఆస్పత్రి వేడుకలో సాక్షాత్తూ ప్రధాని మోదీయే సెలవిచ్చారు కదా, వినాయకుడికి ఏనుగు తల అతికించిన ప్లాస్టిక్ సర్జన్ ఆనాడే ఉండి ఉంటాడని. రోగి ఒక్కరే. పోల్చడానికి రెండో జట్టు లేదు. కేస్‌షీటు లేదు. అచ్చం మన పత్రాల్లాగే!

మళ్లీ బస్తర్‌కే వద్దాం. అక్కడి జగదల్‌పూర్‌లో 2006 నుంచీ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. కొంటా వైపు వాళ్లు భద్రాచలం దిగుతారు. ఎక్కడ కుట్టించుకున్నా చివరికి అడవి దారే. ఫైల్లో మాత్రం ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటారు, "రోగి మళ్లీ రాలేదు" అని. రాలేదట! బస్సు చార్జీ ఇచ్చారా? పోయిన కూలి ఇచ్చారా? గోండీలోనో హల్బీలోనో "ఎట్లున్నావమ్మా" అని అడిగే మనిషిని పెట్టారా?

ఓటరు లిస్టు పట్టుకుని వాగులు దాటి గుడిసె గుడిసెకూ వెళ్లే సర్కారుకు, ఒక రిజిస్టరు పట్టుకుని కుట్టిన ముఖాల దగ్గరికి వెళ్లడం చేతకాదా? ముందు ఆ రిజిస్టరు తెరవండి. సన్మానాలు, శాలువాలు తర్వాత చూద్దాం.