నిజమైన అభిమాని ధ్రువీకరణ పత్రం

బోర్డర్‌ల్యాండ్స్ 4 వీడియో గేముకి 80 డాలర్ల ధర పెట్టరు కదా అని ఓ అభిమాని అడిగిన పాపానికి, దాన్ని తయారుచేసిన గేర్‌బాక్స్ కంపెనీ అధిపతి రాండీ పిచ్‌ఫోర్డ్ 2025 మేలో ఇచ్చిన జవాబు మీరూ చూసే ఉంటారు. ధర ఆయన చేతిలో లేదట. నిజమైన అభిమాని అయితే ఎలాగోలా దారి వెతుక్కుంటాడట. మొదటి ముక్క నాకు కొత్త కాదు, తహసీల్దారు ఆఫీసులో ముప్పై ఏళ్లుగా వింటున్నదే. రెండో ముక్కకే నిద్ర పట్టలేదు. ఎవడు నిజమైన అభిమానో తేల్చేదెవరు? దానికీ ఓ ఆఫీసు ఉండొద్దూ?

ఉందనుకోండి. కిటికీ దగ్గర ఓ ఇంటర్ కుర్రాడు.

"ఏం కావాలి బాబూ?"

"నిజమైన అభిమాని సర్టిఫికెట్ సార్."

"ఆధార్ జిరాక్సు, రెండు ఫొటోలు, దారి వెతుక్కున్నట్టు రుజువు."

"రుజువంటే?"

"తాకట్టు రసీదు. లేదా బండి అమ్మిన కాగితం. ఉత్త ఇష్టం రాసుకోడానికి ఫారంలో గడి లేదు."

ఇంతకుముందు మూడు భాగాలూ ఆడానన్నాడు కుర్రాడు. గుమాస్తా మొహం వెలిగింది. ఎప్పుడు కొన్నావన్నాడు. సేల్‌లో, సగానికి సగం తగ్గించాక అన్నాడు వీడు. గుమాస్తా పెన్ను మూసేశాడు. తగ్గేదాకా ఆగినవాడు అవకాశవాద అభిమాని. ఆ దరఖాస్తు బీరువా మీదకి పోతుంది.

అది గట్టెక్కితే ఆర్‌ఐ విచారణ. ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి, తల్లి వైపు చూస్తాడు. "మెడలో గొలుసు ఉన్నట్టుందే! అయితే మీవాడు ఇంకా సరిగ్గా వెతకలేదన్నమాట."

సర్టిఫికెట్ వచ్చినా అయిపోయిందనుకోకండి. 2006లో ఆబ్లివియన్ ఆటలో గుర్రానికి కవచం రెండున్నర డాలర్లకి విడిగా అమ్మారు చూశారూ, ఆనాటి నుంచి ఏదీ ఒక్క ధరకి రాదు. కాగితం వేరు, సంతకం వేరు, సీలు వేరు. సీలులో సిరాకి సీజన్ పాస్.

నన్నైతే ఆ గుమ్మం కూడా ఎక్కనివ్వరు. 1990ల్లో మా వీధి వీడియో గేమ్ షాపులో గంటకి ఐదు రూపాయలు. క్యాసెట్ మీద 9999999 ఆటలని అచ్చేసి ఉండేది. పెడితే కాంట్రా, మారియో, కారు రేసు, మళ్లీ కాంట్రా. బొమ్మ గీతలు గీతలుగా వస్తే క్యాసెట్ పీకి, అడుగున ఉఫ్‌మని ఊది, మళ్లీ గుచ్చేవాళ్లం. ఐదు రూపాయలు లేనిరోజు ఆడేవాడి వెనక నిలబడి చూసేవాళ్లం. "పైకెగురు, పైకెగురు" అని వాడికంటే మేమే ఎక్కువ చెమటలు కక్కేవాళ్లం. షాపాయన ఏనాడూ పొమ్మనలేదు. ఆ వెనక నిలబడ్డవాళ్లది ఏ కేటగిరీ సార్?

పిచ్‌ఫోర్డ్‌గారు తన కథా చెప్పారు. 1991లో కాలిఫోర్నియాలో ఐస్‌క్రీమ్ కొట్టులో కనీస వేతనానికి పనిచేస్తూ 80 డాలర్ల స్టార్‌ఫ్లైట్ కొనుక్కున్నారట. సంతోషం. అప్పుడు అక్కడ కనీస వేతనం గంటకి 4.25 డాలర్లు. అంటే 19 గంటలు ఐస్‌క్రీమ్ తోడితే ఆట చేతికొచ్చింది. రెండున్నర రోజుల పని. 2025 మేలో 80 డాలర్లు మారిస్తే 6,800 రూపాయల దాకా అయ్యేది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి అప్పుడు రోజుకి 307. అంటే మే నెల ఎండలో 22 రోజులు మట్టి తవ్వాలి, ఆ 22 రోజులూ ఇంట్లో ఎవరూ అన్నం తినకుండా.

ధర మీ ఇష్టం. ఎనభై పెట్టుకోండి, ఎనిమిది వందలు పెట్టుకోండి. ఉన్నవాడు కొంటాడు, లేనివాడు మానేస్తాడు. కానీ లేనివాడి ఇష్టం ఉత్తుత్తిదని చెప్పడానికి మీరెవరు? పదహారేళ్లవాడి పౌరుషం మీద పుల్ల పెట్టి, దారి వెతుక్కోరా అని వదిలేస్తే వాడు ఎటు పోతాడో ఇన్నేళ్లు ఆటలమ్మినవాళ్లకి తెలీదా? ఇక్కడ ఆ దారి అమ్మ ఫోన్లోకి పోతుంది. కాలేజీ ఫీజుకని దాచిన డబ్బు అందులోనే ఉంటుంది. ఆమె పెట్టుకున్న పిన్ నంబరు వాడి పుట్టినరోజే.