టిక్కీకి ఇంత

(గుంటూరు మిర్చి యార్డు. కమీషన్ కొట్టు. ఘాటుకి తుమ్ముకుంటూ హైదరాబాదు మేనల్లుడు ల్యాప్‌టాప్ తెరిచాడు. ఈ మధ్య ఒక్క పేజీ వెబ్‌సైటు అడిగితే సర్వరూ, సర్వరుతో పాటు కంట్రోల్ ప్యానెలూ అంటగట్టే కుర్రాళ్లు మన జిల్లాల్లో తాలుకాయల్లా పెరిగిపోయారు.)

అల్లుడు: ప్యానెల్ ఉంటే సర్వర్ గురించి ఏమీ తెలియక్కర్లేదు మామయ్యా. అన్నీ బటన్లే. ఒక్క క్లిక్కు!

మామయ్య: మన సైట్లో ఏముంటాయిరా? తేజ రేటు, 341 రేటు, కొట్టు ఫోన్ నంబరు. ఇన్ని బటన్లు ఎవడు నొక్కాలి?

అల్లుడు: సీప్యానెల్ అంటే మాటలా? 1996 నుంచీ ఉంది.

మామయ్య: ఎంత?

అల్లుడు: ఇదివరకు సర్వర్‌కి ఇంతని ఉండేది. 2018లో ఓక్లీ క్యాపిటల్ వాళ్ల చేతికొచ్చింది. 2019లో లెక్క మార్చారు. ఇప్పుడు సర్వర్లో ఎన్ని అకౌంట్లుంటే అంత.

మామయ్య: టిక్కీకి ఇంతనా! మా దగ్గర మిర్చి బస్తాకి అలా పుచ్చుకునేవాడు హమాలీ. అదుగో, కొక్కెం గుచ్చి, టిక్కీ వీపు మీదేసుకుని లారీ దాకా మోస్తున్నాడు. నీ ప్యానెల్ ఏం మోస్తుంది?

అల్లుడు: మెయిల్ మోస్తుంది... అంటే, మోసేది ఎగ్జిమ్ అనుకోండి.

మామయ్య: ఎగ్జిమ్‌కి ఎంత?

అల్లుడు: ఊరికే.

మామయ్య: సైటు మోసేది?

అల్లుడు: అపాచీ. అదీ ఊరికే.

మామయ్య: రేట్ల పట్టీ దాచేది?

అల్లుడు: మైఎస్‌క్యూఎల్. ఊరికే.

మామయ్య: ఆ తాళం బొమ్మ?

అల్లుడు: లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు 2015 చివర్నుంచీ ఊరికే ఇస్తున్నారు.

మామయ్య: మోసేవాళ్లంతా ఊరికే మోస్తుంటే, పక్కన నిలబడి టిక్కీలు లెక్కపెట్టేవాడికి కూలా!

అల్లుడు: డబ్బే బాధయితే సైబర్‌ప్యానెల్ ఊరికే వేసుకోవచ్చు. కాకపోతే... 2024 అక్టోబరులో పాస్‌వర్డ్ అక్కర్లేకుండానే దాంట్లో దూరి, ఫైళ్లకి తాళాలేసి డబ్బులడిగారు.

మామయ్య: ఎలా దూరారు?

అల్లుడు: ప్యానెల్‌కి వేరే తలుపుంటుంది. దానిది 8090 నంబరు. చాలామంది దాన్ని లోకమంతటికీ తెరిచే ఉంచుతారు.

మామయ్య: బ్యాకప్?

అల్లుడు: ఒక్క క్లిక్కు. అదే సర్వర్లో పడుతుంది.

మామయ్య: (లేచి నిలబడి) ఒరే, దొంగ పడ్డ కొట్లోనే రెండో తాళంచెవి దాస్తార్రా? బ్యాకప్ వేరే చోట ఉండాలి. ఆ తలుపు నీ ఒక్కడి అడ్రసుకే తెరుచుకోవాలి. అప్‌డేట్ వచ్చిన రోజే వెయ్యాలి. మే నెల్లో యార్డుకి సెలవులు గానీ దొంగలకి సెలవుల్లేవు. బటనున్నా సరే, వెనకాల తెలిసినవాడు ఒకడుండాలి. ఆ తెలిసినవాడికి మన ఒక్క పేజీకి బటనెందుకు?

(గుమాస్తా టీ తెచ్చాడు. ఉపన్యాసం వినడానికి హమాలీలు కూడా ఆగారు. వాళ్లని తరిమేసి మామయ్య కూర్చున్నాడు.)

అల్లుడు: అయితే సర్వరే వద్దు. షేర్డ్ హోస్టింగ్‌లో పెడదాం. ప్యానెల్ డబ్బులూ అప్‌డేట్ల గోలా కంపెనీ వాడివే.

మామయ్య: ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా! సరే, నువ్వేసిన ప్యానెల్ నచ్చకపోతే తీసెయ్యడానికి ఎన్ని క్లిక్కులు?

అల్లుడు: సీప్యానెల్‌కి తీసే బటన్ లేదు. సర్వరంతా చెరిపేసి మొదట్నుంచీ వేసుకోవాలి.

మామయ్య: మరి ఇది ఎవడిక్కావాలిరా?

అల్లుడు: ఒకే సర్వర్లో నలభైమంది సైట్లు పెట్టేవాడికి. రోజూ ఎవడో ఒకడు మెయిల్ పాస్‌వర్డ్ మర్చిపోతాడు. వాడి పాస్‌వర్డ్ వాడే మార్చుకుంటాడు. మనం మనిషికింతని నెలనెలా...

మామయ్య: (టీ గ్లాసు దించి) ఆగాగు. మనిషికింతనా? అంటే యార్డులో కొట్లన్నిటికీ మనమే సైట్లు పెట్టి, కొట్టుకింతని...

అల్లుడు: ఎన్ని కొట్లుంటాయి మామయ్యా?

మామయ్య: మెల్లిగా మాట్లాడు. ముందా తలుపేసి రా.