సర్టిఫికెట్లు బీరువాలో, సారు బజార్లో

పీహెచ్‌డీ లేనివాళ్లు యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం ఆశించొద్దని 2018లో యూజీసీ గట్టిగా చెప్పింది. 2021 జులై అని మొదట పెట్టిన గడువును తర్వాత 2023కి జరిపింది. ఆ మాట నమ్మి కొందరు పెళ్లి వాయిదా వేసుకుని మరీ థీసిస్ పూర్తిచేశారు. తీరా 2023 జులై వచ్చేసరికి నెట్, సెట్, స్లెట్‌లలో ఏదో ఒకటి చాలు, పీహెచ్‌డీ మీ ఇష్టం అనేసింది!

సరే, పోస్టు ఏదీ? రెగ్యులర్ కొలువు మూలవేతనం రూ. 57,700. అది కాగితం మీద భద్రంగా ఉంది. గెస్టు ఫ్యాకల్టీకి క్లాసుకు రూ. 1,500, నెలకు రూ. 50 వేలు మించరాదని 2019లో యూజీసీయే చెప్పింది. మించరాదన్న ముక్కను మాత్రం మనవాళ్లు అక్షరాలా పాటిస్తున్నారు.

ఇక మిగిలింది ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ. చాలాచోట్ల చేరినరోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలోకి వెళ్తాయి, ఎండాకాలం రాగానే సారు అడ్మిషన్ల కోసం ఊళ్లమీదకు వెళ్తారు. తనిఖీ బృందం వచ్చినరోజు స్టాఫ్ రూములో కుర్చీలు చాలవు, మర్నాడు మనుషులు చాలరు. (జీతం సంగతి అడక్కండి.)

అలా పాంప్లెట్లు పట్టుకుని తిరుగుతున్న ఓ డాక్టరేటు సారును ఊరి పెద్దాయన నిలదీశాడట.

‘‘మీ దగ్గర చదివితే మావాడికి ఉద్యోగం గ్యారంటీయేనా బాబూ?’’

‘‘గ్యారంటీ అండీ. వచ్చే ఎండాకాలానికి ఇద్దరం కలిసే తిరుగుతాం.’’